'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' పాఠం: పిట్టను పక్కన పెట్టి ముందు కేసు చదివిస్తే ఏమైంది

నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ సాహిత్యం చెబుతాను. మా పేపర్‌లో హార్పర్ లీ నవల ఉంది. మాకింగ్‌బర్డ్ దేనికి సంకేతం అన్న ప్రశ్న దాదాపు ఖాయం, గైడ్‌లో దాని జవాబూ ఖాయం. మాకింగ్‌బర్డ్ అంటే అమాయకత్వం, చేయని అత్యాచారానికి కోర్టుకెక్కిన నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్, ఇంట్లోంచి బయటికి రాని పొరుగువాడు బూ రాడ్లీ ఇద్దరూ అలాంటి పిట్టలు, ఎవరికీ హాని చేయని పిట్టను చంపడం పాపం, కాబట్టి టామ్‌కు జరిగింది అన్యాయం. ఈ జవాబు తప్పేం కాదు, మార్కులు కూడా వస్తాయి. అయితే ఇదే రాసిన పిల్లల్ని నిలబెట్టి "సరే, టామ్‌కు జరిగిన అన్యాయం ఏంటి? ఎవరు చేశారు? ఏ దారిలో చేశారు?" అని అడిగితే జాతి వివక్ష అనే రెండు మాటల దగ్గర ఆగిపోతారు. కోర్టులో ఎవరు ఏం చెప్పారో, ఏ సాక్ష్యం ఎటు తిరిగిందో గుర్తుండదు. పిట్ట మాత్రం గుర్తుంటుంది.

నా అనుమానం ఏంటంటే, సంకేతం ముందు చెప్పేస్తే అన్యాయం కనబడకుండా పోతుంది. టామ్ పిట్ట అయిపోయాక ఇక అతను మనిషిగా ఏం చేశాడో చూడాల్సిన పని ఉండదు కదా. అందుకే ఒక బ్యాచ్‌తో పాఠం తిరగేసి చెప్పాను. 17వ అధ్యాయం నుంచి 21 దాకా, అంటే విచారణ మొత్తం ముందు చదివించాను. అది అయ్యేదాకా క్లాసులో ఎవరూ సంకేతం అనే మాట వాడకూడదని షరతు పెట్టాను. ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను, ఇదే నవల చెప్పే వాళ్ళకు పనికొస్తుందని.

ముందు అలబామా

నవల 1960 జులైలో వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కథ మాత్రం 1933 నుంచి 1935 వరకు, మేకోంబ్ అనే కల్పిత ఊళ్ళో. దాని వెనక ఉన్న అసలు ఊరు మన్రోవిల్, హార్పర్ లీ పుట్టి పెరిగింది అక్కడే, తండ్రి అమాసా కోల్‌మన్ లీ అక్కడే లాయరు. ఆ తండ్రి 1919లో హత్య కేసులో ఇద్దరు నల్లజాతి వాళ్ళ తరఫున వాదించాడు, ఇద్దరినీ ఉరి తీశారు.

ఇక స్కాట్స్‌బరో కేసు చెప్పకుండా ఈ నవల మొదలుపెట్టకూడదు అనేది నా గట్టి అభిప్రాయం. 1931 మార్చిలో అలబామాలో ఒక గూడ్సు రైల్లో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళను పట్టుకుని, ఇద్దరు తెల్ల అమ్మాయిల మీద అత్యాచారం చేశారని కేసు పెట్టారు. కొద్ది రోజుల్లోనే ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. తర్వాత ఆ ఇద్దరిలో రూబీ బేట్స్ కోర్టుకొచ్చి అసలు అలాంటిదేమీ జరగలేదని చెప్పింది. అయినా జ్యూరీ (దోషి అవునో కాదో తేల్చడానికి ఎంచిన మామూలు పౌరులు) మళ్ళీ దోషి అనే అంది. ఆ తీర్పును 1933లో కొట్టేసిన జడ్జి జేమ్స్ హోర్టన్ తర్వాతి ఎన్నికలో ఓడిపోయాడు. ఇదే కేసులో 1935 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు, జ్యూరీ జాబితాల్లోంచి నల్లజాతి వాళ్ళను ఒక పద్ధతి ప్రకారం తప్పించడం రాజ్యాంగ విరుద్ధం అని తీర్పిచ్చింది. టామ్ రాబిన్సన్ విచారణ నవల కాలం ప్రకారం 1935 వేసవిలో. అంటే ఆ తీర్పు వచ్చిన కొన్ని నెలలకు! మేకోంబ్ జ్యూరీ బాక్సులో మాత్రం అందరూ తెల్లవాళ్ళే, ఎక్కువమంది రైతులు. ఆడవాళ్ళు కూడా లేరు, అలబామాలో అప్పటికి వాళ్ళకు జ్యూరీలో కూర్చునే హక్కే లేదు. ఈ రెండు తేదీలు బోర్డు మీద పక్కపక్కన రాసినప్పుడు క్లాసులో వచ్చిన కదలిక నాకు బాగా గుర్తు. ఢిల్లీ తీర్పు ఊళ్ళోకి రాకపోవడం అంటే ఏంటో మన పిల్లలకు విడిగా చెప్పక్కర్లేదు.

జ్యూరీ అంటే ఏంటో మాత్రం చెప్పాల్సొచ్చింది. మన దగ్గర ఇప్పుడు అది లేదు కదా. 1959లో బొంబాయిలో నానావతి హత్య కేసు, అందులో జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అనడం, జడ్జి ఆ మాట ఒప్పుకోకుండా హైకోర్టుకు పంపడం, ఇవి చెబితే త్వరగా పట్టుకున్నారు. మేకోంబ్ జడ్జి టేలర్ మంచివాడే అయినా దోషి అవునో కాదో తేల్చే పని అతని చేతిలో లేదు అన్నది వాళ్ళకు తెలియడం చాలా ముఖ్యం.

కొందరు ఇక్కడే మన ఊళ్ళ కులం కేసుల వైపు వెళ్ళబోయారు. ఆపాను. ఆ పోలిక వద్దని కాదు, ముందు మేకోంబ్‌లో ఏం జరిగిందో పూర్తిగా చూడకుండా పోలిస్తే అదీ దక్కదు, ఇదీ దక్కదు.

సాక్ష్యం చదవడం

విచారణను కథలాగా కాకుండా కేసు ఫైలులా చదవమన్నాను. ఎవరు సాక్షి, ఏం చెప్పారు, దాన్ని బట్టి ఏం తేలుతుంది, అంతే. లా చదవాలనుకుంటున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు క్లాసును ముందుకు లాక్కెళ్ళారు.

టామ్ మీద ఆరోపణ చేసిన తెల్ల అమ్మాయి మయెల్లా యూవెల్. షెరిఫ్ హెక్ టేట్ చెప్పిన ప్రకారం ఆమెకు దెబ్బలు తగిలింది ముఖం కుడివైపు, అంటే ఎదురుగా నిలబడి ఎడమచేత్తో కొట్టి ఉండాలి. గొంతు చుట్టూ వేళ్ళ గుర్తులున్నాయి. డాక్టర్ని పిలిచారా అని టామ్ తరఫు లాయరు అటికస్ ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. పిలవలేదు. మరణశిక్ష పడే అత్యాచారం కేసు, వైద్య పరీక్ష లేదు! మొదటిసారి చదివినప్పుడు ఈ విషయం ఎవరికీ కనబడలేదని పిల్లలే అన్నారు. తర్వాత మయెల్లా తండ్రి బాబ్ యూవెల్ చేత కవరు మీద సంతకం పెట్టిస్తే అతను ఎడమచేతి వాటం అని తేలుతుంది. టామ్ లేచి నిలబడితే ఎడమచెయ్యి కుడిదానికంటే అడుగు పొట్టిగా వేలాడుతూ ఉంటుంది. చిన్నప్పుడు పత్తి జిన్ యంత్రంలో పడి నలిగిన చెయ్యి అది. ప్రమాణం చేయడానికి బైబిల్ మీద పెడితే జారిపోతుంది.

ఇంతవరకు వచ్చేసరికి కేసు అయిపోయినట్టే. మరి జ్యూరీకి ఇంకేం కావాలి అని అడిగాడు ఒక అబ్బాయి, కోపంగా. ఆ కోపం గైడ్ చదివితే రాదు.

అసలు మలుపు ప్రాసిక్యూటర్ గిల్మర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉంది. టామ్ మయెల్లాకు కట్టెలు కొట్టిపెట్టేవాడు, నీళ్ళు మోసేవాడు, ఒక్క పైసా తీసుకోలేదు. ఎందుకు చేశావని ప్రాసిక్యూటర్ గుచ్చి గుచ్చి అడిగితే టామ్ నిజం చెబుతాడు: ఆమెను చూస్తే జాలేసింది. అంతే. గిల్మర్ ఆ మాటను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అంటాడు. టామ్‌కు తను ఏమన్నాడో అర్థమవుతుంది, కానీ అప్పటికే మాట నోరు దాటిపోయింది. నల్లవాడు తెల్ల ఆడపిల్ల మీద జాలిపడ్డాడు! మేకోంబ్‌లో అది అసలు నేరం కంటే పెద్ద నేరం. జాలి పడాలంటే కాస్త పైనుంచి చూడాలి, అలా చూసే హక్కు టామ్‌కు లేదు అక్కడ. డిల్ అనే చిన్న పిల్లవాడు ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళేది కూడా ఇక్కడే, గిల్మర్ ఆ మనిషితో మాట్లాడే తీరు చూసి.

టామ్‌కు పాత శిక్ష కూడా ఒకటి ఉంది. ఒక గొడవలో 30 రోజులు జైల్లో ఉన్నాడు. ఇద్దరికీ శిక్ష పడింది, అవతలివాడు జరిమానా కట్టి బయటపడ్డాడు, టామ్ దగ్గర డబ్బుల్లేవు. ఈ వివరం ఏ గైడ్‌లోనూ నాకు కనబడలేదు. పిట్టకు నేరచరిత్ర ఉండదు కదా, అందుకే కాబోలు. కానీ నాకు ఈ వివరమే చాలా ఇష్టం, ఎందుకంటే ఒకసారి గొడవపడి జైలుకెళ్ళినవాడికి కూడా చేయని నేరానికి చావకుండా ఉండే హక్కు ఉంది. అమాయకుడు అంటే మచ్చ లేనివాడు, మెత్తనివాడు అని పిల్లలు అనుకుంటున్నంతకాలం, కాస్త గట్టిగా మాట్లాడే మనిషికి అన్యాయం జరిగినప్పుడు వాళ్ళకు అది అన్యాయంలా కనిపించదు.

మయెల్లా దగ్గర ఆగడం

ఇక్కడ అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఊరి చెత్త పోసేచోటు పక్కన ఇల్లు, ఏడుగురు చిన్నవాళ్ళను సాకుతోంది. ఆ పెరట్లో ఒక మూల, పెచ్చులూడిన ఎనామిల్ పాత్రల్లో ఎర్రటి జెరేనియం పూలు వరసగా పెంచుతోంది. అటికస్ మర్యాదగా 'మిస్ మయెల్లా' అని పిలిస్తే తనను వెక్కిరిస్తున్నాడనుకుంటుంది, ఎందుకంటే పుట్టాక ఎవరూ అలా పిలవలేదు. టామ్ వాంగ్మూలంలో ఇంకో మాట ఉంది. తన తండ్రి తనతో చేసేది లెక్కలోకి రాదని ఆమె అందట. ఒక్క వాక్యం. కోర్టు దాన్ని దాటిపోతుంది, నవల కూడా దాని మీద ఆగదు. క్లాసులో ఒక అమ్మాయి ఆపింది. "మేడమ్, ఆ ఇంట్లో అసలు కేసు ఇదే కదా, ఇది ఎవరూ పెట్టలేదేంటి?" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మయెల్లా అన్యాయానికి గురైంది, అన్యాయం చేసింది కూడా. ఆమె అబద్ధం టామ్ ప్రాణం తీసింది. ఆమెను అమాయకుల జాబితాలో వేయలేం, అవతల పారేయలేం. పిట్ట లెక్కలో ఆమెకు చోటు లేదు. జెరేనియం పూలు మాత్రం ఉన్నాయి, అవి చదవాలి.

ఇప్పుడు పిట్ట

విచారణ ముగిశాక నవలలో మాకింగ్‌బర్డ్ వచ్చే చోట్లన్నీ వెతకమన్నాను. మన దేశంలో ఆ పక్షి లేదు, ఫోన్‌లో దాని కూత వినిపించాను. ఇతర పక్షుల కూతలన్నీ వరసగా అనుకరిస్తూ పోతుంది, రాత్రిళ్ళు కూడా.

అందరికీ తెలిసిన చోటు 10వ అధ్యాయం. ఎయిర్ రైఫిళ్ళు పట్టుకున్న పిల్లలతో అటికస్, బ్లూజే అనే పిట్టలను కావాలంటే ఎన్నయినా కొట్టండి, మాకింగ్‌బర్డ్‌ను చంపడం మాత్రం పాపం అంటాడు. అవి తోటలు పాడుచేయవు, మన కోసం పాడటం తప్ప ఏమీ చేయవు అని పొరుగావిడ మిస్ మాడీ వివరిస్తుంది. వెనక బెంచీ అబ్బాయి వెంటనే, "మన కోసం పాడకపోతే చంపొచ్చా మేడమ్? బ్లూజే చేసిన పాపం ఏంటి?" అన్నాడు. నేను ఎన్నాళ్ళుగానో క్లాసులో వినాలనుకున్న ప్రశ్న అది. ఆ సూత్రంలో ప్రాణం విలువ ప్రాణానిది కాదు, మనకు అందే పాటది. టామ్‌ను ఆ సూత్రంలో పెడితే, కట్టెలు ఊరికే కొట్టిపెట్టాడు కాబట్టి అతను మంచివాడు అని తేలుతుంది. టామ్ యజమాని లింక్ డీస్ కోర్టులో లేచి అరిచింది కూడా ఇంచుమించు అదే: ఎనిమిదేళ్ళుగా నా దగ్గర పని చేస్తున్నాడు, ఒక్క తంటా లేదు. మంచి ఉద్దేశమే. అయినా ఊడిగం బాగా చేశాడన్న సర్టిఫికెట్టే.

అదే అధ్యాయంలో పిచ్చికుక్క వీధిలోకి వచ్చినప్పుడు చెట్లు కదలవు, మాకింగ్‌బర్డ్‌లు మౌనంగా ఉంటాయి. 21వ అధ్యాయంలో జ్యూరీ తిరిగొచ్చేముందు, కథ చెప్పే పిల్ల, అటికస్ కూతురు స్కౌట్‌కు సరిగ్గా ఆ ఉదయమే గుర్తొస్తుంది, పిట్టలు కూయని ఫిబ్రవరి ఉదయం. ఉక్కపోత రాత్రి అయినా చలిగా అనిపిస్తుంది ఆ పిల్లకు. టామ్ దోషి అన్న తీర్పు వింటున్నప్పుడు అటికస్ వీధిలోకి నడిచి రైఫిల్ ఎత్తి కాల్చినట్టు, ఆ రైఫిల్ ఖాళీ అని ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. నా దృష్టిలో నవల మొత్తంలో అన్యాయం గురించి ఇంతకంటే గట్టి బొమ్మ లేదు. ఊరి కోసం కుక్కను కాల్చేటప్పుడు తుపాకీలో గుండు ఉంది. టామ్ కోసం ఎత్తినప్పుడు చట్టం ఖాళీగా ఉంది. పరీక్ష జవాబుల్లో ఇది ఎప్పుడూ ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

తర్వాత 24, 25 అధ్యాయాలు. టామ్ జైలు నుంచి పారిపోతుంటే కాల్చేశారు, ఒంట్లో 17 గుళ్ళు. పత్రిక ఎడిటర్ అండర్‌వుడ్ సంపాదకీయం రాస్తూ టామ్ చావును వేటగాళ్ళు, పిల్లలు పాటల పిట్టల్ని అర్థం లేకుండా చంపడంతో పోల్చాడు. ఇక్కడ స్కౌట్ ఒక మాట చెబుతుంది: అతను న్యాయం తప్పిన సంగతి మాట్లాడలేదు, పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాస్తున్నాడు. ఇది చదివాక నా అనుమానానికి ఆధారం నవలలోనే దొరికింది. పిట్ట వచ్చింది, న్యాయం మాట పక్కకు పోయింది. ఈ అండర్‌వుడ్ నల్లవాళ్ళను దగ్గరికి కూడా రానివ్వని మనిషి. పిట్ట మీద జాలి పడటానికి అతనికి అదేమీ అడ్డం రాలేదు.

టామ్ పారిపోవడం గురించి కూడా మాట్లాడుకున్నాం. అప్పీలులో అవకాశం ఉందని అటికస్ చెప్పాడు. తెల్లవాళ్ళు ఇచ్చే అవకాశాలతో విసిగిపోయి తన అవకాశం తాను తీసుకున్నాడేమో అని అటికసే తర్వాత అంటాడు. రెండు చేతులూ బాగుంటే కంచె దాటేసేవాడే అని గార్డులు చెప్పారట. నవలలో టామ్ తన కోసం తాను చేసిన పని ఇదొక్కటే. జాలి పడటం, పారిపోవడం, రెండూ మనిషి పనులు, ఆ రెండింటికీ అతన్ని శిక్షించారు.

బూ రాడ్లీకి పనిచేసిన మాట

అక్టోబరు చివర హాలోవీన్ రాత్రి చెట్టు మీద ఒక మాకింగ్‌బర్డ్ తన పాటలన్నీ పాడుతుంటుంది, మధ్యలో బ్లూజే అరుపు కూడా. కొద్దిసేపటికి బాబ్ యూవెల్ పిల్లల మీద దాడి చేస్తాడు, బూ వచ్చి కాపాడతాడు, యూవెల్ చస్తాడు. హెక్ టేట్ కేసు పెట్టనంటాడు. యూవెల్ తన కత్తి మీద తనే పడ్డాడు, అంతే అంటాడు. సిగ్గరి మనిషిని జనం ముందుకు లాగడం పాపం అంటాడు. అప్పుడు స్కౌట్, అది మాకింగ్‌బర్డ్‌ను కాల్చినట్టే కదా అంటుంది.

ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి, తేడా చెప్పమన్నాను. ఒక అమ్మాయి చెప్పింది: "టామ్‌కు చచ్చాక పిట్ట అన్నారు, బూకి చావకముందే అన్నారు." ఇంకొకరు, "పిట్టను కాపాడాలంటే అసలు కోర్టుకే పంపకూడదన్నమాట" అన్నారు. నేను ఏమీ కలపలేదు. బూ తెల్లవాడు, పేరున్న కుటుంబం, షెరిఫ్ తలుచుకుంటే కేసే ఉండదు. టామ్ కోర్టులో మొత్తం సాక్ష్యం తనవైపు ఉండి కూడా ఓడిపోయాడు. ఒకే సంకేతం ఇద్దరికీ వాడారు, పనిచేసింది ఒకరికే.

చెట్టు తొర్రలో బహుమతులు, దాన్ని బూ అన్న నేథన్ రాడ్లీ సిమెంటుతో పూడ్చడం, మట్టి మీద మంచు పూసి చేసిన బొమ్మ, ఇవి త్వరగా చూసి దాటాం. ఒక్కటి చెప్పాలి: విచారణ తర్వాత స్కౌట్ ఒక చిన్న పురుగును నలపబోతే అన్న జెమ్ ఆపుతాడు, అది నిన్నేమీ చేయలేదు కదా అని. గైడ్‌లో పిట్ట గురించి చెప్పేది అంతా ఆ సీన్‌లో ఉంది, ఇంకా తేలిగ్గా.

జవాబు పత్రాలు

ఇంటర్నల్‌లో అదే పాత ప్రశ్న ఇచ్చాను. కొందరు గైడ్ జవాబే రాశారు, వాళ్ళను తప్పుపట్టను, యూనివర్సిటీ పరీక్షలో దేనికి మార్కులు పడతాయో అన్న టెన్షన్ ఉంటుంది. కానీ చాలామంది జవాబుల్లో ఈసారి ఎడమచెయ్యి ఉంది, డాక్టరు రాకపోవడం ఉంది, 'జాలేసింది' అన్న మాట ఉంది. ఒకరు ఖాళీ రైఫిల్‌తో మొదలుపెట్టి రాశారు. ఇంకొకరు అటికస్‌ను కూడా ప్రశ్నించారు, జడ్జి అప్పగించాడు కాబట్టే వాదించాడు కదా, ఊరి పద్ధతి మీద ఎప్పుడైనా తనంతట తాను గొంతెత్తాడా అని. 1992లో మన్రో ఫ్రీడ్‌మన్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఇదే మాటంటే అమెరికా లాయర్లు చాలామంది మండిపడ్డారు. ఆ సంగతి నేను క్లాసులో చెప్పలేదు, ఆ అబ్బాయి సొంతంగా అక్కడికి వచ్చాడు.

సహోద్యోగి ఒకరు, సంకేతాన్ని ఇలా విప్పేస్తే నవల అందం పోదా అన్నారు. నాకలా అనిపించలేదు. హాలోవీన్ రాత్రి పాడే పిట్ట భాగాన్ని చివర్లో గట్టిగా చదివించినప్పుడు, ముందెప్పుడూ లేనంత శ్రద్ధగా విన్నారు.

ఈ పద్ధతి వాడాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. స్కాట్స్‌బరో నేపథ్యం ముందే ఇవ్వండి, 1935 తీర్పు తేదీతో సహా, విచారణ మధ్యలో ఇస్తే ఊపు పోతుంది. మయెల్లాకు విడిగా ఒక పూర్తి క్లాసు ఉంచండి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చిన సమయం చాలలేదు, వచ్చే బ్యాచ్‌కు జెరేనియం పూల పేజీతోనే ఆ క్లాసు మొదలుపెడతాను.